ఆదివారం రాని కడుపునొప్పి

ఈపాటికి పిఠాపురంలో ఏదో ఒక ఇంట్లో ఓ పిల్లాడికి కడుపునొప్పి మొదలయ్యే ఉంటుంది. ఆదివారం రాని నొప్పి అది! మామ్మ వాము నమలమంటుంది, నాన్న కళ్లెర్రజేస్తాడు. బళ్లో ఏం జరిగిందిరా అని మాత్రం ఎవరూ అడగరు.

అడిగినవాళ్లు లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002లో మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నూ తీసుకున్నారు. ఇక్కడ సుమారు 3,000 మంది పిల్లలు; వాళ్లలో పశ్చిమ గోదావరి వాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి ఆ పిల్లల దగ్గరికే వెళ్లి ఎత్తు, బరువు, లెక్కలు చూశారు. మనసులో మాటా అడిగారు. బడి ఎందుకు నచ్చదంటే ఎనిమిదేళ్లవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా చెప్పింది దెబ్బలు, తిట్లు. గడిచిన వారంలో మాస్టారు ఎవరినో ఒకరిని కొట్టగా చూశామన్నవాళ్లు పదిమందిలో తొమ్మిదిమందికి పైనే. తగిలింది ఒకడికే, బెదిరింది బెంచీ అంతా.

2009 నాటి విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్, కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అయినా మనలో కొందరం బడి గుమ్మంలో నిలబడి, “రెండు తగిలించండి మాస్టారూ, మేమేమీ అనుకోం” అంటూనే ఉన్నాం.