గట్టురాయి, పితృఋణం

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల నుంచి ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల వరకు విస్తరించిన తూర్పు కనుమల్లో నివసించే సవర ఆదివాసులు ఏటవాలులో అడవి నరికి, కాల్చి, కొన్నేళ్లు పండించి వదిలే పోడుతో పాటు, గెడ్డలు, అనగా కొండవాగులు, పారే చోట రాతిగోడలు పేర్చి, మెట్లుమెట్లుగా మళ్లు కట్టి, పై మడిలో నిండిన నీరు కింది మడికి జారేలా వరి కూడా పండిస్తారు. తరాల శ్రమతో ఏర్పడి, ఏటేటా మరమ్మతు కోరే అటువంటి పొలం ఎవరిదన్నది తాత్త్విక ప్రశ్న.

సవరల సంప్రదాయ మతం దీనికి మృతుల వైపు నుంచి సమాధానమిస్తుంది. మరణించినవారు 'సోనుం', అనగా బతికున్నవారికి రోగాన్నీ రక్షణనూ కూడా ఇవ్వగల ఆత్మలు, అవుతారని వారి విశ్వాసం. 'గువార్' అనే క్రతువులో మృతుల పేర నిలువురాయి పాతి, దున్నను బలి ఇచ్చి, వారిని పూర్వీకులలో చేరుస్తారు. సవర మతంపై 1955లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ విస్తృత గ్రంథం వెలువరించగా, పూనకంలో ఉన్న పూజారి, ఎక్కువగా పూజారిణి, నోట మృతులు బంధువులతో సంభాషించే తీరును, పూర్వీకుల ఆత్మశక్తి పైరులో చేరి వారసులను పోషిస్తుందన్న నమ్మకాన్ని మరో మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1993 నాటి గ్రంథంలో వివరించాడు.

పూర్వీకుల పట్ల ఋణమనే భావన వైదిక సంప్రదాయంలోనూ ఉంది. వేదగ్రంథమైన తైత్తిరీయ సంహిత ప్రకారం బ్రాహ్మణుడు పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి ఉంటాడు. వాటిలో పితృఋణం సంతానంతో తీరుతుంది. మెట్ల పొలాన్ని చూస్తే మాత్రం సంతానం ఒక్కటే చాలదనిపిస్తుంది. ఆ సంతానానికి అన్నం పెట్టే గోడ కూడా నిలవాలి. పై గట్టు తెగితే కింది మళ్లన్నీ కోతకు గురవుతాయి కనుక, ఇక్కడ పెద్దలకు చెల్లించవలసిన ఋణమూ పొరుగువారి పట్ల ధర్మమూ ఒకే పనిలో కలిసిపోతాయి.

ఇటీవలి దశాబ్దాల్లో సవరలలో అనేకులు క్రైస్తవాన్ని స్వీకరించడంతో మృతులతో సంభాషణ సన్నగిల్లింది. అయినా విశ్వాసం మారినంత మాత్రాన ఋణం రద్దు కాదు. తాను పేర్చని గోడ నిలిపిన మట్టిలో పండిన అన్నం తినే ప్రతి మనిషీ ఋణగ్రస్తుడే. జారిన రాయిని తిరిగి గట్టుకు చేర్చడమే ఆ ఋణం తీర్చే మార్గం.