ఎవరి రాజు?

కరీంనగర్‌లో మా ఇంటి అరుగు మీద బాపు చదరంగం నేర్పాడు. బలగం, చోటు రెండూ చూసుకో, ముందు మాత్రం రాజుకు కోట కట్టు అనేవాడు. ఎం.ఏ. సీటు హైదరాబాద్‌లో వస్తే, 'ఇంటి పరువు' అని ఆపిందీ ఆయనే. పరువనే రాజు భద్రంగా ఉన్నాడు. నాకే చోటు మిగల్లేదు.

2017లో తల్లయిన కోనేరు హంపి 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో ద్రోణవల్లి హారిక నిండు గర్భంతో ఆడింది. జట్టు కాంస్యం సాధించింది.

భద్రత వద్దని కాదు. అది ఆడటానికే, ఆట మానడానికి కాదు. బలగం తరిగిన చివరి ఆటలో రాజే కోట దాటి నడవాలి. ఇంతకీ మనం కాపాడుతున్నది ఎవరి రాజును? వదులుకుంటున్నది ఎవరి గళ్లను?