బాధ్యత ఎవరిది?

బావి త్రవ్వుటకు ఊరంతయు సమ్మతించి, చేదత్రాడు తెచ్చువారెవరో నిర్ణయింపకున్నచో దప్పిక తీరదు. స్థూలకాయ చికిత్స విషయమున ఇంగ్లండు దేశపు అనుభవము ఈ సత్యమునే చాటుచున్నది.

ధనముతో నిమిత్తము లేక, అవసరమును బట్టి వైద్యమందించు ఆశయముతో 1948 జూలై 5న అచ్చట జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైనది. కాలక్రమమున స్థూలకాయ చికిత్స నాలుగు మెట్లుగా ఏర్పడినది. మొదటిది ఎల్లరకు చేయు హితబోధ. రెండవది ఆహార వ్యాయామములందు తోడ్పాటు. మూడవది వైద్యుడు, ఆహార నిపుణుడు, మనస్తత్వ నిపుణుడు కలిసి చేయు ప్రత్యేక చికిత్స. నాలుగవది శస్త్రచికిత్స.

2013 ఏప్రిల్‌లో వచ్చిన మార్పుతో క్రింది మెట్లు స్థానిక పాలక సంస్థలకును, శస్త్రచికిత్స కేంద్ర ఆరోగ్య సంస్థకును చెందినవి. నడిమి మెట్టు ఎవరిదో స్పష్టము కాలేదు. వైద్యసేవలను ఏర్పరచు స్థానిక వైద్య సంఘములు దానిని వహించుట మేలని 2014లో ఒక కార్యబృందము సూచింపవలసి వచ్చినది. 2016లో శస్త్రచికిత్సయు ఆ సంఘములకే చేరినది. 2022 జూలైలో ఆ సంఘములే రద్దై, వాని స్థానమున 42 మండలులు వెలసినవి.

ఈ చేతుల మార్పిడిలో రోగి గతి యేమి? మూడవ మెట్టు చికిత్స పొందినవారికి, లేదా పొందబోవువారికి మాత్రమే శస్త్రచికిత్స తగునని 2014 నాటి మార్గదర్శకములు విధించినవి. ఆ మెట్టు లేని ప్రాంతమువానికి పై మెట్టు ఉండియు లేనట్లే.

“మితిమీరి తిన్నవాని బరువును లోకమేల మోయవలెను?” అని కొందరందురు. మితాహారము ఎవరికైనను విధియే. కాని వంశలక్షణము, కొన్ని ఔషధములు, పేదరికము కూడ శరీరమును పెంచును. బి.ఎం.ఐ. అను సూచిక సామాన్యముగా 30కి చేరినప్పుడు స్థూలకాయమందురు. దక్షిణాసియా వారికి 27.5 వద్దనే అంతటి ప్రమాదమని 2013లో అచ్చటి మార్గదర్శకములు తెల్పినవి. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఇది వర్తించును. పుట్టుకతో వచ్చిన దానిని దోషమని నిందించుట న్యాయమగునా?

రోగి తన ప్రయత్నము తాను చేయవలెను. అంతమాత్రమున సమాజము ఋణము తీరదు. పనిని పంచుకొనుట తప్పు కాదు. పంచుకొను నెపమున విడిచిపెట్టుటయే తప్పు. రోగి వచ్చి తలుపు తట్టినప్పుడు “ఇది మా పని” అని లేచి తలుపు తీయువాడొకడు ఉండవలెను. అట్టివాడు ముందుగానే నిర్ణయింపబడనిచో, ఎన్ని సంస్థలున్నను ఆ రోగికి దిక్కు లేనట్లే.