తిరునాళ్ల తీపి ఎవరిది?

మహాశివరాత్రి వెళ్లిపోయాక నంద్యాల ఇళ్లల్లో దేవుడి పటాల పక్కనో, వంటింటి గూట్లోనో ఒక పొట్లం ఉంటుంది. మహానంది తిరునాళ్లలో కొన్న బొరుగులు, బత్తాసులు, కలకండ, రంగురంగుల చక్కెర చిలకలు. బొరుగులు రెండు రోజుల్లో అయిపోతాయి. మిగిలేవి బత్తాసులూ చిలకలే. పిల్లలు ఒకటి నోట్లో వేసుకుని ఆటకు పరుగెత్తుతారు. పెద్దవాళ్లకు చక్కెర జబ్బు. దేవుడి దగ్గరి నుంచి తెచ్చింది గనుక పారేయడానికి చేతులు రావు, తినేవాళ్లూ ఉండరు. నాలుగు రోజులు గడిచేసరికి చెమ్మ తగిలి అన్నీ ఒక్క ముద్దగా అంటుకుంటాయి, గోడ వెంట చీమల బారు మొదలవుతుంది. చీమదీ ప్రాణమే, కాదనను. కానీ చీమకు పెట్టాలని పెట్టడం వేరు, మరిచిపోయి వదిలేయడం వేరు. స్వామికి చూపించి తెచ్చిన తీపి మరొకరి నోటికి అందేదాకా ఆ పండగ ముగిసినట్టు కాదని నా నమ్మకం.

మహానందిలోనే చూడండి. స్వామి లింగం కింది నుంచి ఊరే నీరు లోపల రుద్రగుండం నింపుతుంది, బయట బ్రహ్మగుండం, విష్ణుగుండం నింపుతుంది. అక్కడితో ఆగదు. కాలువై వరి మళ్లకూ అరటి తోటలకూ పారుతుంది. భక్తులు మునక వేసిన నీరే కింద రైతుకు తడి. స్వామి దగ్గర పుట్టిన నీరు ఎవరి పొలమని అడగకుండా పారుతుంటే, స్వామి పేరు చెప్పి కొన్న చక్కెర మన గూట్లో కరిగిపోవడం ఏం న్యాయం?

మిగిలిన తిండి విలువ చెప్పే కథ ఒకటి ఛాందోగ్య ఉపనిషత్తు మొదటి అధ్యాయంలో ఉంది, ఉషస్తి చాక్రాయణుడిది. కురుదేశంలో వడగళ్ల దెబ్బకు పంటలు పోయాయి. ఉషస్తి భార్యతో కలిసి ఊరు విడిచి, ఏనుగులవాళ్ల ఊరు చేరాడు. అక్కడ ఒకడు గుగ్గిళ్లు తింటున్నాడు. నాకూ పెట్టమన్నాడు ఉషస్తి. నా ముందున్న ఈ ఎంగిలివి తప్ప వేరే లేవన్నాడతను. అవే పెట్టమని తీసుకుని తిన్నాడు. తర్వాత నీళ్లిస్తే మాత్రం ఎంగిలివని వద్దన్నాడు. మరి గుగ్గిళ్లు ఎంగిలి కావా అని అతను అడిగాడు. అవి తినకుంటే ప్రాణం నిలిచేది కాదు, నీళ్లంటావా ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడు ఉషస్తి.

మిగిలిన గుప్పెడు భార్యకు తెచ్చాడు. ఆమెకు అప్పటికే భిక్ష దొరికింది. అయినా ఆ గింజలు తీసుకుని దాచింది. తెల్లవారి ఉషస్తి, ఒక రాజు యజ్ఞం చేస్తున్నాడు, కాస్త కడుపులో పడితే వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించుకొస్తాను అన్నాడు. ఆమె ఆ గింజలే చేతిలో పెట్టింది. అవి తిని యజ్ఞశాలకు వెళ్లి, ఏ దేవతను గూర్చి పాడుతున్నారో ఎరుగకుండా పాడుతున్న ఋత్విజులను నిలదీశాడు. చివరి ఋత్విజుడికి ఆయన చెప్పిన దేవత పేరు అన్నం.

ఈ కథలో నాకు ఉషస్తి కన్నా ఆ ఇల్లాలే పెద్దగా కనబడుతుంది. తన కడుపు నిండింది గదా అని ఆమె పారేయలేదు. రేపు ఇది ఎవరికో అవసరం పడుతుందని ఎంగిలి గింజను కూడా భద్రం చేసింది.

దాచిన తిండిని మరొకరికి పెట్టడం ఆళ్లగడ్డ వైపు పల్లెలకు కొత్త కాదు. కనుమ నాడు అహోబిల నరసింహస్వామి పారువేటకు బయలుదేరి, నలభై రోజులకు పైగా పల్లకీలో పల్లె పల్లెకూ తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని పిలుస్తాడు. పల్లకీ తమ ఊరికి వచ్చిన రోజే ఆ ఊరికి పండగ. సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఇంకా ఉండగానే బంధువులు దిగుతారు, డబ్బా మూత మళ్లీ తెరుచుకుంటుంది. పీర్ల పండక్కి చదివించిన చక్కెరను కూడా ఈ పక్క అన్ని ఇళ్లవాళ్లూ కళ్లకద్దుకుని తింటారు.

ఇక వంటింటి సంగతి. బత్తాసు లోపల డొల్ల. పరమాన్నంలో చక్కెరకు బదులు వేసేటప్పుడు గిన్నెతో కొలిస్తే తీపి చాలదు, తూకం చూసి వేయండి. ముద్దకట్టినవాటిని కొద్ది నీళ్లలో కరిగించి పలచటి గుడ్డలో వడగట్టండి, నలకలుంటే పోతాయి. ఆ నీళ్లలో మిరియాలు, యాలకులు నూరి వేసి పానకం కలిపితే ఎండన పడి వచ్చినవాళ్లు వద్దనరు. చిలకల్లో తెల్లవాటినే పాలల్లో వేయండి, రంగువి వేస్తే పాలకు రంగు దిగుతుంది. అరిసెలు గట్టిపడితే ఇడ్లీ పాత్రలో కాసేపు ఆవిరి పట్టించండి. మక్కిన వాసన వస్తే మాత్రం ప్రసాదమని మొహమాటపడి ఎవరికీ పెట్టకండి, చెట్టు మొదట్లో మట్టి కప్పండి. పుణ్యమని అంతా తెచ్చి ఆవు ముందు పోయకండి, ఒకేసారి అంత తీపి పశువు కడుపును పాడుచేస్తుంది. చక్కెర జబ్బున్న పెద్దలు చిటికెడు కళ్లకద్దుకుని నాలుక మీద వేసుకుంటే చాలు. మిగతాది బాగుండగానే, తెచ్చిన రోజే, పక్కింటి పిల్లలకూ పనికి వచ్చే అక్కకూ పంచేయండి.

శివరాత్రి అయిన కొద్ది రోజులకే ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలు వస్తాయి. అక్కడా బత్తాసుల అంగళ్లుంటాయి, అక్కడా కొంటారు. బయలుదేరే ముందు మహానంది పొట్లం ఖాళీ చేసి వెళ్లండి.