గుత్తకీయరానిది

పనిని ఒకరిచేత చేయించుకొనుట దోషము కాదు. లోకయాత్ర యంతయు ఒండొరుల శ్రమపై నడచుచున్నది. మనము తినెడి బియ్యమును మనము పండింపలేదు. కట్టెడి బట్టను మనము నేయలేదు. కూలి యిచ్చి పని చేయించుకొనువాడును, కూలి పుచ్చుకొని పని చేయువాడును ఇరువురును ధర్మమార్గమున నున్నవారే. కాని పనిని పరుల కప్పగించినవాడు దానితోపాటు బాధ్యతను గూడ అప్పగించినట్లేనా? పని చిన్నదైనపుడు ఈ ప్రశ్న మన కంటబడదు. మనుష్యుల ప్రాణములు దానిపై నాధారపడినపుడు దీనిని తప్పించుకొనుటకు వీలులేదు.

మా కరీంనగరమున వెండి తీగపని ప్రసిద్ధమైనది. వెంట్రుకవంటి తీగను మెలిపెట్టి, అతికి, పనివారు చిన్న చిన్న పెట్టెలను, పళ్లెములను చేయుదురు. కొనువాడు వస్తువును వెలుతురున కెత్తి త్రిప్పి చూచును. అతుకు విడినచో కంటికి కనబడును. కనబడకున్నను పోవునది కొంత సొమ్ము మాత్రమే. విమానమును, వ్యోమనౌకను నడపెడి సాఫ్ట్‌వేర్ ఇట్టిది కాదు. దానిని వెలుతురున కెత్తి చూడ వీలులేదు. లక్షలకొలది పంక్తులలో నొక్కటి తప్పైనను, ఆ పంక్తితో పనిబడు క్షణమువరకు ఆ తప్పు దాగియుండవచ్చును. అందుచేత కొనువానికి కన్నులు చాలవు. చేయువాని పని నెరిగిన తెలివి కావలెను.

గత దసరా సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు జగిత్యాల చెంతనున్న తన గ్రామమునకు వచ్చి, మమ్ము భోజనమునకు పిలిచెను. హైదరాబాదులో నొక సంస్థయందు, విమానము నడపువాని యెదుట నుండు తెరకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ వ్రాయుట అతని పని. "ఆ విమానమును నేనెన్నడును చూడలేదు సార్. ఏమి చేయవలెనో కాగితము మీద వచ్చును. అట్లే వ్రాయుదును. పరీక్షలో నెగ్గినచో నా పని ముగిసినట్లే" అనెను. వడ్డించుచున్న తల్లి ఆ మాట విని, "ఆ ఇమానంల మనుషులు కూసుంటరా బిడ్డా?" అని యడిగెను. "కూసుంటరమ్మా." "వాండ్లకు నువ్వెరుకనా?" "ఎరుకలేదు." "మరి నీకు వాండ్లెరుకనా?" విద్యార్థి నవ్వి యూరకుండెను. మేమును నవ్వితిమి గాని, ఇంటికి వచ్చిన పిదప ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. అక్షరము చదువని ఆ తల్లి, మేము చదివిన శాస్త్రములు విచారించిన విషయమునే అడిగినది.

ఈ విషయమున అమెరికా అంతరిక్షసంస్థ యగు నాసా చరిత్ర మనకు రెండు దృష్టాంతముల నిచ్చుచున్నది. 1981 మొదలు 2011 వరకు ఎగిరిన స్పేస్ షటిల్ నౌకల ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను నాసా తానే వ్రాయలేదు. ఐ.బి.యం. సంస్థకు గుత్తకిచ్చినది. 1990ల దశాబ్దిలో ఆ పని లోరల్, లాక్‌హీడ్ మార్టిన్, యునైటెడ్ స్పేస్ అలయన్స్ సంస్థల చేతులకు వరుసగా మారినది. 2000 మే నెలలో అట్లాంటిస్ నౌక నూతనమైన కాక్‌పిట్‌తో ఎగిరెను. పాత ముండ్ల కొలమానములు, బరువైన తెరలు పోయి వాని స్థానమున 11 పలుచని తెరలు అమరెను. ఇన్ని మార్పులు జరిగినను ఒక కట్టుబాటు మారలేదు. వ్రాయువారు వేరు, తప్పులు వెదకువారు వేరు. తప్పు దొరికినపుడు దానిని దిద్దుటతో నిలువక, ఇది ఇంతవరకు ఎట్లు తప్పించుకొనెను, ఇట్టివే మరెక్కడనైన నున్నవా యని విచారించెడివారు. నౌకలోని ఐదు కంప్యూటర్లలో నాలుగింటియందు ఒకే సాఫ్ట్‌వేర్ నడచుచుండగా, ఐదవదానికి వేరొక సంస్థచే ప్రత్యేకముగ వ్రాయించిరి. ఒకే బుద్ధి చేసిన పొరపాటు నాలుగు ప్రతులలోను ఒకే విధముగ నుండును గదా!

రెండవ దృష్టాంతము వేరు. 2014లో నాసా వ్యోమగాములను అంతరిక్షకేంద్రమునకు చేర్చు పనిని, నిర్ణీతమైన మూల్యమునకు, రెండు సంస్థల కొప్పగించెను: బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్ ఎక్స్‌కు 260 కోట్ల డాలర్లు. 2019 డిసెంబరు 20వ తేదీన బోయింగ్‌వారి స్టార్‌లైనర్ నౌక మనుష్యులు లేకుండ తొలిసారి కక్ష్యకు బయలుదేరెను. అందలి గడియారము రాకెట్టునుండి తప్పు సమయమును గ్రహించి 11 గంటల తేడాతో నడచెను. నౌక తానింకొక ఘట్టమున నున్నట్లు భ్రమించి ఇంధనమును వ్యర్థపరచుకొని, గమ్యమును చేరలేకపోయెను. ఆకాశమున నుండగనే మరియొక దోషము బయల్పడెను. దిగివచ్చుటకు ముందు వదలివేయవలసిన వెనుకభాగము, వ్యోమగాములు కూర్చుండు భాగమునే ఢీకొనగల దోషమది. దానిని దిగుటకు కొన్ని గంటల ముందు దిద్దగలిగిరి.

ఇట్లేల జరిగెను? పరీక్షలను ముక్కలు ముక్కలుగ జరిపిరే గాని, ఆరంభమునుండి తుదివరకు ఏకముగ నడపి చూడలేదు. ప్రతి ముక్కయు నెగ్గినది. ముక్కలు కలిసిన చోట దోషము నిలిచినది. పిదప నాసా పరిశీలకులు దిద్దుబాటుకై 80 సూచనలు చేసిరి. అంతకన్న ముఖ్యముగ, క్రొత్త పద్ధతులతో పనిచేయు రెండవ సంస్థపై నిలిపినంత దృష్టిని, చిరపరిచితమైన ఈ సంస్థపై తాము నిలుపలేదని నాసావారే యొప్పుకొనిరి. ఈ యొప్పుకోలు శ్లాఘనీయము. పరిచయము నమ్మకమును పెంచును. నమ్మకము పెరిగినకొలది పరిశీలన సడలును. ఒప్పందము ప్రకారము రెండవ యాత్ర వ్యయమును సంస్థయే భరించి, 2022 మే నెలలో నౌకను మరల పంపెను. ధనమును తిరిగి పెట్టుకొనవచ్చును. నౌకలో మనుష్యులుండినచో ఏ ఒప్పందము వారిని తిరిగి యిచ్చియుండును?

మన పూర్వులు ఈ ప్రశ్నను యజ్ఞసందర్భమున విచారించిరి. నేటి సంస్కారవంతులకు యజ్ఞములందు విశ్వాసము లేకున్నను, ఆ విచారమున నున్న యుక్తి గ్రాహ్యము. యజమానుడు దక్షిణ యిచ్చి ఋత్విజులచే కర్మ చేయించును. మంత్రము వారిది, చేతులు వారివి; ఫలము మాత్రము యజమానునిదే యని మీమాంసకులు నిర్ణయించిరి. ఫలము తనది యైనపుడు లోపము తనది కాదనుట ఎట్లు పొసగును? ఋత్విజులలో బ్రహ్మ యనువాడొకడు గలడు. అతడు కర్మ జరుగుచున్నంతసేపు ప్రాయికముగ మౌనముగ కూర్చుండి, ఎక్కడ పొరపాటు జరుగునో కనిపెట్టి దానికి ప్రాయశ్చిత్తము చెప్పును. తక్కిన ముఖ్య ఋత్విజులకు ఒక్కొక్క వేదము చాలును. ఇతనికి మూడు వేదములును తెలిసియుండవలెనని నియమము. కనిపెట్టువాడు చేయువానికన్న తక్కువ యెరిగినవాడైనచో ఆ కనిపెట్టుట కేవలము ఆసనాలంకారమే యగును. చాలెంజర్ ప్రమాదము తరువాత నాసా 1993లో సాఫ్ట్‌వేర్‌ను స్వతంత్రముగ పరిశోధించు కేంద్రమును నెలకొల్పుకొన్నది. అది ఈ బ్రహ్మస్థానమే యని మా తలంపు.

"అన్నిటిని తానే చేసికొన్నచో తప్పులుండవా? గుత్తేదారు లందరు దుష్టులా?" యని చదువరు లడుగవచ్చును. ఆ యాక్షేపణ న్యాయమైనదే. 2021 నవంబరులో, హైదరాబాదునుండి వలసవెళ్లిన తండ్రికి పుట్టిన రాజాచారి సేనానిగ కూర్చుండి నడపిన డ్రాగన్ నౌక గుత్తకు చేయించినదే. అందు మీటల స్థానమున ప్రధానముగ వ్రేలితో తాకెడి తెరలే యుండెను. అతడును తోటివారును మరుసటి సంవత్సరము మే నెలలో క్షేమముగ తిరిగివచ్చిరి. మరియు, ఎరుక యెల్లపుడు యజమానుని యొద్దనే యుండదు. 1986 జనవరి 27 రాత్రి, ఇంత చలిలో చాలెంజర్‌ను పంపరాదని మొరపెట్టినవారు గుత్తసంస్థ ఇంజనీర్లే. నాసా అధికారుల యొత్తిడికి వారి పైవారు లొంగిరి. మరునాడు ఏడుగురు మరణించిరి. కావున దోషము గుత్తలో లేదు. చేయువాని నోటికిని, చేయించువాని చెవికిని నడుమ దారి మూతపడుటలో నున్నది.

ఇది దూరదేశపు ముచ్చటగ తోచినచో గోదావరి యొడ్డునకు రావలెను. పూర్వము మా కరీంనగరం జిల్లాలో నుండిన మేడిగడ్డవద్ద, 2023 అక్టోబరు 21వ తేదీన బ్యారేజి స్తంభములు క్రుంగెను. ప్రణాళిక, రచన, నాణ్యతాపరీక్ష, నిర్వహణ, వీనియందెల్ల లోపములున్నవని జాతీయ ఆనకట్టల భద్రతాసంస్థవారి నిపుణులు పేర్కొనిరి. వెంటనే మరమ్మతు వ్యయము గుత్తేదారుడు భరించవలెనా, ప్రభుత్వము భరించవలెనా యను వివాదము లేచెను. ఒప్పందపు కాగితము ఆ ప్రశ్నకు సమాధాన మీయవచ్చును. కాని ఆ నీటిని నమ్మిన రైతు ఏ కాగితముపై సంతకము చేసెను? మన దేశమున 2020 నుండి అంతరిక్షరంగము ప్రైవేటు సంస్థలకు తెరువబడినది. హైదరాబాదు సంస్థ యగు స్కైరూట్ 2022 నవంబరు 18న తన తొలి రాకెట్టును శ్రీహరికోటనుండి ఎగురవేసినది. ఇది మనకు గర్వకారణము. మన బిడ్డలు వ్రాసిన పంక్తులపై మనుష్యులు ఆకాశమున కెగయు దినము రానున్నది గనుక, ఇప్పుడే ఈ విచారము చేయుట మేలు.

సెలవులు ముగియగనే మా విద్యార్థి పట్నమునకు పోవుచు మమ్ము చూడవచ్చెను. మేము అతనితో నిట్లంటిమి: "కాగితములో నున్నట్లు వ్రాయుట నీ ఉద్యోగము. ఆ కాగితమే తప్పని తోచినపుడు అడుగుట నీ ధర్మము. నీ ప్రశ్నను వినుట నీకు పని యిచ్చినవారి ధర్మము. వినువారు లేనిచోట మౌనముగ జీతము పుచ్చుకొనుచు నీ తల్లి ప్రశ్నకు ఏమి చెప్పగలవు?" అతడు కొంతసేపు తలవంచుకొని, "గత నెల ఒక సందేహము వచ్చెను సార్. గడువు దాటునని అడుగలేదు. పోగానే అడుగుదును" అనెను.

అడిగెనో లేదో మాకింకను తెలియదు. అతని యుత్తరమునకై ఎదురుచూచుచున్నాము.