విత్తనపు దుంప



ఐర్లండు పల్లెల్లో పూర్వం చాలామంది పవిత్ర శుక్రవారం నాడు బంగాళాదుంప విత్తనంపై తీర్థజలం చిలకరించి నాటేవారు. కొత్త దుంపలు జూలై చివరి ఆదివారానికి గాని తవ్వేవారు కాదు. పాతవి నిండుకున్న ఆ నెలకు 'క్యాబేజీల జూలై' అని పేరు. "ఆకలే మంచి కూర" అన్నది వారి సామెత. మనమూ ఆకలి రుచెరుగదంటాం గదా!

1845లో తెగులు సోకి దుంపలు కుళ్ళిపోయాయి. 1847లో తెగులు తగ్గింది. కాని అప్పటికే విత్తనపు దుంపలు సైతం తినేయడంతో నాటింది కొంచెమే. వారిని తప్పుపట్టగలమా? బిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లి విత్తనం దాచగలదు? 1852 నాటికి సుమారు 10 లక్షలమంది మరణించారు. నేలలో పడి చనిపోయే గోధుమగింజ గురించిన సువార్తను కడుపు నిండినవారు సులభంగానే వింటారు.

"ఒకరి నీడన ఒకరు బ్రతుకుతారు" అని మరో ఐరిష్ సామెత. ఈ యేడు మీ విచారణలో విత్తనం కూడా మిగలని ఇల్లు ఏది?