నిద్ర ఎవరి లెక్క?

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువు పట్టుబడి అయిందంటే ఇక గడువు ఐసుదే. శీలావతి, బొచ్చె ట్రేలకెక్కి, పైన ఐసు పడి, లారీ కదులుతుంది. హౌరాకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే, గౌహతికి రెండు వేల పైచిలుకు. బండి ఎక్కడుందో ఓనరు ఫోనులో జీపీఎస్ చూపిస్తుంది. ఏ టోల్‌గేటు ఎన్నింటికి దాటిందో ఫాస్టాగ్ చెబుతుంది. తాజా చేపకు అక్కర్లేదు గాని, పన్ను పడే సరుకైతే ఈ-వే బిల్లు గడువు కూడా ఉంటుంది. 2021 జనవరి దాకా 100 కిలోమీటర్లకు ఒక రోజు ఇచ్చేవారు, అప్పటినుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజే. సరుకు గంటలు, బండి గంటలు అన్నీ నమోదవుతున్నాయి. స్టీరింగు పట్టిన మనిషి చివరిసారి ఎప్పుడు కునుకు తీశాడో మాత్రం ఎక్కడా నమోదు కాదు.

చట్టం లేక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అంది. 5 గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. కానీ అయిదుగురు, అంతకుమించి పనివాళ్లున్న సంస్థలకే అది వర్తించింది. ఒకటి రెండు లారీలున్న ఓనరు దగ్గర చేసేవాడికి నిద్ర రాదా? ఇప్పుడా చట్టం 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిసింది.

రాజమండ్రి దగ్గర 1974లో వచ్చిన వంతెనకు కింద రైలు, పైన రోడ్డు. కింద ఇంజను నడిపేవాడు డ్యూటీ ఎక్కిన నిమిషం, దిగిన నిమిషం రాసుకుంటారు, పడుకోవడానికి రన్నింగ్ రూము ఉంటుంది. అక్కడా గంటలు మీరుతున్నాయని యూనియన్లు మొత్తుకుంటూనే ఉన్నాయి. అయినా మొత్తుకోవడానికి ఒక లెక్క ఉంది. పైన పోయేవాడు ఏ కాగితం చూపించి అడగాలి?

అయితే మిషను పెడితే సరిపోతుందా? అమెరికాలో 2017 డిసెంబరు నుంచి చాలా లారీల్లో డ్యూటీ గంటలు రాసే ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి. 10 గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల వ్యవధిలో 11 గంటలే నడపాలి. పని మొదలయ్యాక ఆ 14 గంటలు మామూలుగా ఆగవు. లోడు కోసం గోడౌను ముందు నాలుగు గంటలు కూర్చుంటే ఆ నాలుగూ పోయినట్టే. చాలామందికి కూలి మైలు లెక్కన వస్తుంది కాబట్టి, పోయిన గంటల్ని వేగంతో రాబట్టుకోవాలని చూస్తారు. లాగ్ వచ్చాక గంటల ఉల్లంఘనలు తగ్గాయి గాని, ప్రమాదాలు తగ్గిన దాఖలా కనబడలేదని, చిన్న కంపెనీల డ్రైవర్లలో అతివేగం పెరిగిందని అక్కడి పరిశోధకులే తేల్చారు. గంటలు లెక్కపెట్టారు, కూలి కట్టే పద్ధతిని ముట్టుకోలేదు. అప్పుడా మిషను మనిషికి తోడా, కాపలానా?

2021 సెప్టెంబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ, విమానం పైలట్లలాగే లారీ డ్రైవర్లకూ గంటలు నిర్ణయించాలని, కునుకును పసిగట్టే సెన్సర్లు పెట్టాలని అన్నారు. మొదటి మాటకు చేతులెత్తి మొక్కుతాను. రెండోది విన్నప్పుడు మాత్రం భయమేస్తుంది. గంటలు ఖాయం చేయకుండా సెన్సరొక్కటే వస్తే, నిద్రపోనివ్వని మనిషిని తూగనివ్వకుండా కూడా చేస్తాం.

ఇక్కడ చేపల లోడు కోసం షెడ్డు ముందు లైనులో కూర్చున్న గంటను ఏమనాలి? స్టీరింగు తిప్పడం లేదు కాబట్టి పని కాదంటారు. లైను కదిలితే బండి ముందుకు తీయాలి కాబట్టి పడుకోలేడు. పని కాని, విశ్రాంతీ కాని ఆ గంట అతని ఆయుష్షులోదే కదా? ఇద్దరు డ్రైవర్లను పంపే ఓనర్లు లేకపోలేదు. తుని దాటాక ఒకడు నడుపుతుంటే, వెనక అదిరే బల్ల మీద రెండోవాడు కళ్లు మూసుకోవడాన్ని విశ్రాంతి అని రాయొచ్చా? నా మటుకు రాయకూడదు. ఎదురుచూసిన గంటకు కూలి ఉండాలి, ఆగిన బండిలోనో గదిలోనో పడుకున్న నిద్రే నిద్రగా లెక్కకెక్కాలి.

దానికి ఖర్చవుతుంది. ఒకడు గదిలో పడుకుంటే, ఐసు ఆగదు కాబట్టి దారిలో ఇంకో డ్రైవరు ఎక్కాలి, అతని బత్తా ఎవరో ఒకరు పెట్టుకోవాలి. లారీలో ఉన్న కిలోల మీద పంచితే కిలోకి ఎంత పడుతుందో ఏ షెడ్డు గుమస్తాను అడిగినా నిమిషంలో కట్టి చెబుతాడు. రైతు, ఓనరు, హౌరా పార్టీ కూర్చున్నచోట, డ్రైవరుకు కూడా కుర్చీ వేసి, ఆ లెక్క అడగాలి.